23 కిలోమీటర్ల నిద్ర

1987 మే 24, ఇంకా తెల్లవారలేదు. కెనడాలోని టొరంటో శివార్లలో ఒక యువకుడు నేరుగా పోలీస్ స్టేషన్‌కు కారు నడుపుకుంటూ వచ్చాడు. చేతులు రక్తం ఓడుతున్నాయి. తాను ఎవరినో చంపేసినట్టున్నానని చెప్పాడు. అతని చేతుల్లోని స్నాయువులు తెగి ఉన్నాయి. మామూలుగా ఎవరైనా ఆ నొప్పికి గిలగిల్లాడతారు. అతనికి నొప్పి తెలుస్తున్నట్టే లేదు.

పేరు కెన్నెత్ పార్క్స్, వయసు 23. పికరింగ్‌లో భార్యతో, పసిబిడ్డతో కాపురం. ఆ రాత్రి టీవీ చూస్తూ సోఫాలోనే నిద్రపోయాడు. తర్వాత లేచి, కారెక్కి, 23 కిలోమీటర్లు నడిపి, స్కార్బరోలోని అత్తవారింటికి చేరాడు. అత్తగారిని కొట్టి, కత్తితో పొడిచాడు. ఆవిడ చనిపోయింది. మామగారి గొంతు నులిమాడు. ఆయన తీవ్రంగా గాయపడి బతికారు.

ఇదంతా తనే చేశాడన్న దానిపై కోర్టులో తగువే లేదు. నిద్రలో నడిచే స్థితిలో ఉన్నాడని, ఏం చేస్తున్నాడో తెలియదని డిఫెన్స్ వాదించింది. వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది. పైగా పార్క్స్ గతం కూడా అంత శుభ్రమైనది కాదు. గుర్రప్పందేల వ్యసనం, అప్పులు, వాటిని తీర్చడానికి పనిచేసే చోట డబ్బు కాజేయడం, ఉద్యోగం ఊడటం, ఆపై కేసు. కొన్నాళ్లుగా కంటినిండా నిద్ర లేదు. ఈ సంగతులన్నీ అత్తమామల ముందు ఒప్పుకోవాలనే అనుకుంటున్నాడు. అయితే వాళ్లతో అతనికి వైరం లేదు. అత్తగారికి ఈ అల్లుడంటే ఆపేక్ష. వాళ్లను చంపితే అతనికి కలిసొచ్చేదేమిటో ప్రాసిక్యూషన్ గట్టిగా చూపలేకపోయింది.

నిద్రలో నడవడమంటే కలగంటూ నడవడం అనుకుంటాం. అది పొరపాటు. ఎక్కువగా ఇది రాత్రి తొలిభాగంలో, కలలు రాని గాఢనిద్రలోంచి సగం మెలకువ వచ్చినప్పుడు జరుగుతుంది. కదలికలను నడిపే భాగాలు లేస్తాయి. ఆలోచించి, తూచి నిర్ణయించే భాగం లేవదు. అందుకే తలుపు తీయడం, తెలిసిన దారిలో వెళ్లడం లాంటి అలవాటైన పనులు సాగిపోతాయి, తర్వాత గుర్తుండేది ముక్కలు ముక్కలే. ఒత్తిడి, నిద్రలేమి దీన్ని రెచ్చగొడతాయి. వంశంలో ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ. పార్క్స్ కుటుంబంలో నిద్రలో నడిచేవాళ్లు, మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అతని మెదడు తరంగాల రికార్డులోనూ గాఢనిద్ర మాటిమాటికీ చెదరడం కనిపించింది. ఎంత గొప్ప నటుడైనా ఆ గీతలను నటించలేడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నెలల తర్వాత చేసిన పరీక్ష, ఇలా జరగడం సాధ్యమేనని చెప్పగలదు గానీ, ఆ రాత్రి ఇలాగే జరిగిందని చెప్పలేదు. నా మటుకు నాకు ఆ గీతలకన్నా, తెగినా నొప్పి తెలియని ఆ చేతులే బలమైన సాక్ష్యంగా కనిపిస్తాయి.

1988లో జ్యూరీ అతన్ని హత్యానేరం నుంచి విడిచిపెట్టింది. మామగారిపై హత్యాయత్నం కేసూ తర్వాత వీగిపోయింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అసలు మెలిక అక్కడుంది. శిక్ష పడాలంటే చేయి కదిలితే చాలదు, ఆ కదలిక మనిషి సంకల్పంతో జరగాలి. సంకల్పమే లేదంటే రెండు దారులు. అందుకు మనోవ్యాధి కారణమైతే ముద్దాయి నిర్దోషే, కానీ ఆనాటి కెనడా చట్టం ప్రకారం ఇంటికి పంపరు, ఎంతకాలమో చెప్పకుండా నిర్బంధంలో ఉంచవచ్చు. మనోవ్యాధి కాకపోతే స్వేచ్ఛగా నడిచి వెళ్లిపోతాడు. నిద్రలో నడకను మొదటి గదిలోనే పెట్టాలని ప్రభుత్వం పట్టుబట్టింది.

1992లో కెనడా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇది మానసిక రోగం కాదు, నిద్రకు సంబంధించిన లోపం, వేళకు పడుకుని ఒంటిని చూసుకోవడం తప్ప పెద్ద చికిత్సేమీ లేదు, మళ్లీ ఇలా చంపే అవకాశం బహు తక్కువ అని నిపుణులు చెప్పారు. దానికి ఎదురు చెప్పే సాక్ష్యాన్ని ప్రభుత్వం తేలేదు. నిద్రలో నడక ఎప్పటికీ రోగం కాదని మాత్రం కోర్టు తీర్మానించలేదు. తన ముందున్న సాక్ష్యం మేరకే తీర్పు చెప్పింది. చాలామంది గమనించని సంగతి ఇదే.

అంతకు ముందటేడే ఇంగ్లండ్ అప్పీలు కోర్టు బర్జెస్ కేసులో అచ్చంగా దీనికి ఎదురు తీర్పిచ్చింది. నిద్రలో నడుస్తూ స్నేహితురాలిపై దాడి చేసిన వ్యక్తిని మతిస్థిమితం లేనివాడి కిందే కట్టింది. కెనడా కూడా తర్వాత కొంత వెనక్కి తగ్గింది. 1999లో స్టోన్ కేసులో సుప్రీంకోర్టు నిరూపించే బరువును ముద్దాయి నెత్తిన పెట్టింది. అప్పటి నుంచి అక్కడ ‘ఒళ్లు తెలియలేదు’ అన్నవాడు, అది నిజమయ్యే అవకాశమే ఎక్కువని తనే రుజువు చేసుకోవాలి.