రొట్టె ధర నిర్ణయించేదెవరు?

ఇతర అరబ్బు దేశాలు 'ఖుబ్జ్' అని పిలిచే రొట్టెను ఈజిప్టు ప్రజలు 'ఐష్' అంటారు. ఆ మాటకు జీవితమని అర్థం. అటువంటి వస్తువు ధరను ఆ దేశ ప్రభుత్వం ఒక్కటే నిర్ణయించుకోలేని స్థితి ఎలా వచ్చిందో పరిశీలిస్తే, విదేశీ సహాయం పనిచేసే తీరు కొంత బోధపడుతుంది.

వరుస యుద్ధాలతో ఈజిప్టు ఖజానా చితికిపోయిన రోజులవి. అన్వర్ సాదాత్ ప్రభుత్వం అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్య నిధిని ఆశ్రయించింది. రాయితీలు తగ్గించి లోటు పూడ్చుకోవాలన్నది నిధి సలహా. 1977 జనవరి 17న బియ్యం, చక్కెర, టీ, వంటగ్యాస్ తదితర వస్తువుల ధరలు పెంచుతున్నట్లు ప్రకటన వెలువడింది. మరునాడే అలెగ్జాండ్రియా నుండి అస్వాన్ వరకు జనం వీధులలోకి వచ్చారు. సైన్యం దిగింది. డెబ్బై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండు రోజులు తిరక్కుండానే ప్రభుత్వం పెంపును ఉపసంహరించుకుంది. (ప్రపంచ బ్యాంకు అప్పుతో సాగిన విద్యుత్ సంస్కరణలూ, 2000లో బషీర్‌బాగ్ కాల్పులూ మన పాఠకులు మరచిపోయి ఉండరు.)

షరతు నెరవేరకపోయినా అప్పులు ఆగలేదు. గల్ఫ్ దేశాలూ అమెరికా మరింత ఉదారంగా ఇచ్చాయి. షరతుల కాఠిన్యం అప్పు తీసుకునే దేశపు ఆర్థిక స్థితిపై మాత్రమే కాక, ఆ దేశంతో దాతకు గల అవసరంపై కూడా ఆధారపడి ఉంటుంది. 1991లో కువైట్ యుద్ధంలో అమెరికా పక్షాన నిలిచినందుకు ఈజిప్టు అప్పులలో పెద్ద భాగం రద్దయింది. అయితే ఆ ఏడే అమ్మకపు పన్ను వచ్చింది, ప్రభుత్వ సంస్థల విక్రయానికి చట్టమూ వచ్చింది.

2016 నవంబరులో 1,200 కోట్ల డాలర్ల అప్పు కోసం ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కు వదిలింది. కొద్ది వారాలలోనే దాని విలువ సగానికి పడిపోయింది. జీతం అంతే ఉంది, సంచిలోకి వచ్చే సరుకే తగ్గింది.

తప్పంతా దాతలదేనని అనలేము. పాలకులకు తాము చేయదలచిన పనికి దాత ఒక చాటు కూడా. రాయితీ రొట్టె బరువు 2020లో 110 గ్రాముల నుండి 90కి తగ్గింది. మూడు దశాబ్దాలకు పైగా 5 పియాస్టర్లుగా ఉన్న దాని ధర 2024 జూన్ 1న 20కి పెరిగింది. నిధితో కుదిరిన కార్యక్రమంలోనే సైన్యానికి చెందిన వ్యాపార సంస్థల ప్రత్యేక సౌకర్యాలను తొలగించాలన్న అంశమూ ఉంది. అది మాత్రం నత్తనడకన సాగుతున్నదని నిధి సమీక్షలే చెబుతున్నాయి.