వెనక్కి పంపలేని పుస్తకాలు

అమెరికాలో కామిక్స్ కొట్టు నడపడమంటే ప్రతి వారం సొంత డబ్బుతో పందెం కాయడమే. పాఠకుడి మీద కాశారా, ధర మీద కాశారా అన్నదాన్ని బట్టి మంచి కొట్టేదో చెడ్డ కొట్టేదో తేలిపోతుంది.

కామిక్స్ కొట్లకు బుధవారమే పండగ. ఆ వారం కొత్త సంచికల్లో చాలా వరకు ఆ రోజే అమ్మకానికి వస్తాయి. తలుపు తీయకముందే అట్టపెట్టెల టేపు కోసి, ఇన్‌వాయిస్ పక్కన పెట్టుకుని ఒక్కో కట్టా లెక్క చూసుకుంటారు. మూల నలిగినవి, వెన్ను మీద పిన్ను దగ్గర సన్నటి తెల్లగీత పడ్డవి పక్కకు తీస్తారు. ఆ గీత పొడవు వడ్లగింజంత కూడా ఉండదు. అయినా అది కనపడితే పుస్తకం వద్దనే వాళ్లున్నారు. మిగిలిన వాటిని రెండు వాటాలు చేస్తారు. పేరు పేరునా ముందే చెప్పి పెట్టుకున్న వాళ్లవి కౌంటర్ వెనక పెట్టెల్లోకి, తక్కినవి గోడ మీది అరల్లోకి.

కొత్తగా లోపలికి వచ్చినవాడు ఆ గోడనే చూస్తాడు. స్పైడర్‌మ్యాన్ నిలువెత్తు బొమ్మ, అద్దాల బీరువాలో ఖరీదైన పాత సంచికలు, రంగురంగుల అట్టలు. ఇవన్నీ ఎవరైనా అమర్చగలరు. కొట్టు గుణం తెలిసేది మాత్రం ఆ ఇన్‌వాయిస్‌లోనే. ఏ పుస్తకం ఎన్ని ప్రతులు తెప్పించారు? ఎవరిని మనసులో పెట్టుకుని తెప్పించారు?

ఈ ప్రశ్నకు అంత బరువు ఎందుకంటే, అమ్ముడుపోని కామిక్స్‌ని మామూలుగా వెనక్కి పంపడానికి వీల్లేదు.

ఈ పద్ధతి 1970ల తొలినాళ్లలో మొదలైంది. అంతకుముందు కామిక్స్ కూడా పత్రికల్లాగే మందుల షాపుల్లో, కిరాణా కొట్లలో, వీధి స్టాళ్లలో దొరికేవి. మిగిలిపోయినవి వాపసు వెళ్లిపోయేవి. స్టాలు యజమానికి ఏ సంచిక వచ్చిందో, ఏది రాలేదో పట్టేది కాదు. ఒక కథ మొదటి భాగం దొరికితే రెండో భాగం దొరుకుతుందన్న నమ్మకం పాఠకుడికి ఉండేది కాదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఫిల్ స్యూలింగ్ అప్పటికే కామిక్స్ సమ్మేళనాలు జరుపుతూ పేరు తెచ్చుకున్నాడు. ఆయన ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లి బేరం పెట్టాడు: మిగిలినవి మీకు తిప్పి పంపం, అందుకు బదులు మాకు ఎక్కువ తగ్గింపు ఇవ్వండి, మేం అడిగినవి అడిగినన్ని నేరుగా పంపండి. ప్రచురణకర్తలకు అంతకన్నా ఏం కావాలి? నష్టభయం మొత్తం కొట్టు మీదికి పోయింది. కామిక్స్ మాత్రమే అమ్మే కొట్లు ఊరూరా పుట్టుకొచ్చింది ఆ ఒప్పందం పుణ్యాన్నే.

లెక్క ఇలా ఉంటుంది. సంచిక వెల 4 డాలర్లు అనుకుందాం. కొట్టుకు దాదాపు సగానికి, అంటే 2 డాలర్లకు పడుతుంది. 10 తెప్పిస్తే పెట్టుబడి 20 డాలర్లు. 5 అమ్ముడుపోతే అది తిరిగొస్తుంది. అద్దె, కరెంటు, జీతం అన్నీ ఆరో ప్రతి నుంచి రావాల్సిందే. నాలుగు దగ్గర ఆగిపోతే నష్టం. అదే 3 తెప్పించి 3 అమ్మితే 6 డాలర్లు నికరంగా చేతికొస్తాయి, గుండెదడ లేదు. కానీ నాలుగో మనిషి వట్టి చేతులతో పోతాడు, బహుశా మళ్లీ రాడు. పైగా ఈ లెక్క వేయాల్సింది సంచిక రావడానికి రెండు నెలల ముందు, కేటలాగ్‌లో నాలుగు వాక్యాలు, ఒక అట్టబొమ్మ చూసి. మార్చుకోవడానికి చివరి గడువు విడుదలకు సుమారు మూడు వారాల ముందే ముగిసిపోతుంది. ఎవరూ చదవని కథ మీద, ఎవరో చదువుతారన్న నమ్మకంతో డబ్బు పెట్టాలి.

ఆ నమ్మకం చేసిన మేలు చిన్నది కాదు. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే ఇద్దరు చిత్రకారులు పన్ను వాపసు డబ్బుకి ఒక బంధువు దగ్గర చేసిన అప్పు కలిపి, నలుపు తెలుపుల్లో సుమారు 3,000 ప్రతులు అచ్చు వేయించారు. నింజా విద్య నేర్చిన నాలుగు తాబేళ్ల కథ. ఏ వీధి స్టాలూ దాన్ని ముట్టుకునేది కాదు. కామిక్స్ కొట్లు తెప్పించాయి, చేతికిచ్చి చదవమన్నాయి. ఆ తాబేళ్లు తర్వాత కార్టూన్లయ్యాయి, సినిమాలయ్యాయి, మన పిల్లల స్కూలు బ్యాగుల మీదికీ ఎక్కాయి. 1991లో జెఫ్ స్మిత్ సొంతంగా వేసుకున్న ‘బోన్’ కూడా ఈ కొట్ల చేతుల్లో పెరిగిందే.

అయితే ఇదే గెలుపు కొట్లను చెడగొట్టింది కూడా. తాబేళ్ల మొదటి అచ్చు ధర చుక్కలనంటేసరికి దాన్ని అనుకరించిన ప్రతి నలుపు తెలుపు పుస్తకాన్నీ కట్టలు కట్టలుగా తెప్పించారు. అందులో ఏముందో ఎవరూ చూడలేదు, రేపు ఎంతకు పోతుందోనని తప్ప. కొన్నేళ్లకే అవన్నీ చిత్తు కాగితాలయ్యాయి. అయినా బుద్ధి రాలేదు. 1991లో ‘ఎక్స్-మెన్’ కొత్త వరస మొదటి సంచికను ఐదు రకాల అట్టలతో తెస్తే 80 లక్షలకు పైగా ప్రతులు కొట్లకు చేరాయి. అన్ని లక్షల మంది పాఠకులు ఎక్కడున్నారని ఒక్కరూ అడగలేదు. ఒక్కొక్కరు ఐదేసి కొని, విప్పకుండా అటక మీద పెట్టారు. 1992 నవంబర్‌లో సూపర్‌మ్యాన్ చనిపోయిన 75వ సంచిక నల్ల సంచిలో, మీద నెత్తురోడుతున్న ‘ఎస్’ గుర్తుతో వచ్చింది. కొట్ల ముందు జనం బారులు తీరారు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో వేల కొట్లు మూతపడ్డాయి. 1996 డిసెంబర్‌లో ‘ఎక్స్-మెన్’ వేసే మార్వెల్ సంస్థే దివాలా పిటిషన్ వేసుకుంది.

ఆ నల్ల సంచి దగ్గర కాసేపు ఆగాలి. కొట్టువాడి నిజాయితీకి ఈనాటికీ అదే పరీక్ష. మూడు దశాబ్దాలు భద్రంగా దాచిన సంచిని ఒకాయన కౌంటర్ మీద పెడతాడు. పిల్లల కాలేజీ ఫీజుకు పనికొస్తుందనుకుని తెచ్చాడు. అది లక్షల కొద్దీ అచ్చయిందనీ, అందరూ దాన్ని దాచారనీ, అందుకే దానికి పెద్ద ధర లేదనీ ఆయన మనసు నొప్పించకుండా చెప్పాలి. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన, 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెల 10 సెంట్లు. దాని ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఎందుకంటే ఆనాటి పిల్లలు దాన్ని చదివి, నలిపి, పారేశారు. యుద్ధకాలంలో కాగితం పోగుచేసేవాళ్లకు ఇచ్చేశారు. మిగిలినవి అతి కొద్ది. అంత విలువ వచ్చింది దాచిపెట్టినందుకు కాదు, చదివి పారేసినందుకు.

దీనికి అటువైపు కూడా ఉంది. భర్త పోయిన ఒక పెద్దావిడ పది పెట్టెల పాత కామిక్స్ తెస్తుంది. వాటి సంగతి ఆమెకు తెలియదు. పెట్టెల్లో ఒక్క సంచిక మాత్రం కొట్టు ఆర్నెల్ల అద్దె కట్టేంత ఖరీదైనది. మంచి కొట్టువాడు ముందు దాన్ని బయటికి తీసి, ‘అమ్మా, దీన్ని విడిగా చూడాలి’ అంటాడు. చెడ్డవాడు పదింటికీ గంపగుత్తగా ఒక ధర చెబుతాడు. ఈ ఒక్క సందర్భంలో ఎవరు ఎలా నడుచుకున్నారన్నది ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా.

కౌంటర్‌కు ఇవతల

‘సింప్సన్స్’ కార్టూన్ చూసినవాళ్లకు అందులోని కామిక్స్ కొట్టువాడు గుర్తుంటాడు. లావుపాటి శరీరం, జుట్టు పిలక, ఏం అడిగినా ఈసడింపు. ఆ బొమ్మ అంత ప్రసిద్ధమవడానికి కారణం అలాంటి కొట్లు నిజంగానే చాలా ఉండటం. ఒక అమ్మాయి వచ్చి బ్యాట్‌మ్యాన్ కావాలంటే ముందు ఆమెకు పరీక్ష పెట్టేవాళ్లు: ఫలానా సంచిక చదివావా, ఫలానా చిత్రకారుడు తెలుసా అని. కిటికీలకు నిండా పోస్టర్లు అంటించి లోపలికి వెలుగు రాకుండా చేసేవాళ్లు. ప్రతి పుస్తకాన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి టేపు వేస్తే తిరగేసి చూసేదెలా? తిరగేయనివ్వని చోట పిల్లలు పాఠకులు కాలేరు. ఇది నాకు చాలా గట్టిగా అనిపించే విషయం.

ఇప్పుడు ఇంకో జబ్బు. ఒకే సంచికకు అరుదైన అట్టలు వేస్తున్నారు. మామూలు ప్రతులు 25 తీసుకుంటే ప్రత్యేక అట్ట ఒకటి ఇస్తారు. ఆ ఒక్కదాన్ని 50 డాలర్లకు అమ్ముకోవచ్చని, 8 మంది చదివే పుస్తకాన్ని 25 తెప్పించే కొట్లున్నాయి. మిగిలిన 17 ఆనక ఏదైనా డాలరుకే అమ్మే పెట్టెలోకి పోతాయి. ఆ డబ్బుతో తెప్పించి ఉండాల్సిన కొత్త రచయిత పుస్తకం మాత్రం ఆ ఊరికి రానే రాదు.

మంచి కొట్టు ఎలా ఉంటుందో చూపినవాళ్లలో రోరీ రూట్‌ది పెద్ద పేరు. 1987లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ‘కామిక్ రిలీఫ్’ తెరిచాడు. సంచికలు కాదు, పుస్తకాలుగా కట్టిన కామిక్స్‌కే భవిష్యత్తు ఉందని తొలినాళ్లలోనే గట్టిగా నమ్మాడు. లైబ్రరీల వాళ్లకు ఏ పుస్తకం ఏ వయసుకు సరిపోతుందో ఓపిగ్గా చెప్పేవాడు. మంచి దుకాణాలకు ఇచ్చే ఐస్నర్ అవార్డు 1993లో మొదలైతే అది అందుకున్న తొలివాళ్లలో ఆయన కొట్టు ఒకటి. ఆయన 2008లో కన్నుమూశాడు. మూడేళ్లకు కొట్టూ మూతపడింది. కొట్టు మనిషి మీద ఎంతగా ఆధారపడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆ పక్కనే కాంకర్డ్ ఊళ్లో ‘ఫ్లయింగ్ కలర్స్’ నడిపిన జో ఫీల్డ్ ఒక ఐస్‌క్రీమ్ దుకాణం ఉచితంగా పంచిన రోజు కట్టిన బారు చూసి, మనమూ ఏడాదికొక రోజు కామిక్స్ ఊరికే ఇద్దాం అన్నాడు. 2002 మే 4న, ‘స్పైడర్‌మ్యాన్’ సినిమా విడుదలైన మర్నాడు, అది మొదలైంది. పుచ్చుకునేవాళ్లకే ఉచితం. కొట్టువాడు మాత్రం ప్రతి కాపీకి కొంత చెల్లించి తెప్పించాలి. మళ్లీ అదే పందెం, పాఠకుడి మీద.

ఇంత జరిగినా పిల్లల విషయంలో చాలా కొట్లు అవకాశం జారవిడుచుకున్నాయి. కొట్లు పెంచిన ‘బోన్’ను 2005లో పిల్లల పుస్తకాలు వేసే స్కొలాస్టిక్ సంస్థ రంగుల్లో వేసి స్కూళ్లకు చేర్చింది. 2010లో రైనా టెల్గెమియర్ ‘స్మైల్’, 2016లో డేవ్ పిల్కీ ‘డాగ్ మ్యాన్’ వచ్చాయి. ఇవాళ అమెరికాలో తెలుగు ఇళ్లలో ఏడెనిమిదేళ్ల పిల్లాణ్ని అడిగితే ‘డాగ్ మ్యాన్’ పేరు చెబుతాడు. వాడికి అది దొరికింది స్కూల్లో పెట్టే పుస్తకాల సంతలోనో, లైబ్రరీలోనో. కామిక్స్ కొట్టు అనేదొకటి ఉందని వాడికి తెలియకపోవచ్చు. పిల్లల అర వాకిలి పక్కనే, పిల్లాడి చేయి అందే ఎత్తులో ఉందా లేదా అని చూడండి. మొదటి భాగం లేకుండా మూడు, ఐదు, ఏడు భాగాలు మాత్రమే ఉన్నాయేమో కూడా చూడండి. ఆ అర మీద యజమాని శ్రద్ధ ఎంతో ఇట్టే తెలిసిపోతుంది.

తీసి పెట్టే మనిషి

మన ఊళ్లలో కామిక్స్ కొట్లు లేవు. అద్దె పుస్తకాల షాపులుండేవి. ఇంద్రజాల్ కామిక్స్ 1964 నుంచి 1990 దాకా ఫాంటమ్‌నీ మాండ్రేక్‌నీ మోసుకొచ్చాయి. అమర్ చిత్ర కథలు, చందమామలు, మధుబాబు షాడో నవలలు ఒకే బల్ల మీద ఉండేవి. అట్ట ఊడితే బ్రౌన్ పేపర్ అంటించి, దారంతో కుట్టి మళ్లీ అద్దెకిచ్చేవాళ్లు.

‘కొత్త షాడో వచ్చిందా అన్నా?’

‘ఇప్పుడే పోయింది తమ్ముడూ. గురువారం రా, నీకు తీసి పెడతా.’

అమెరికా కామిక్స్ కొట్టుకు ప్రాణమైన పుల్ లిస్ట్ ఇదే. పాలవాడి ఖాతాలాంటిది: నాకు నెలనెలా ఫలానావి కావాలని ఒకసారి చెబితే, వచ్చినప్పుడల్లా మన పేరున్న పెట్టెలో పడతాయి. కొట్టువాడి లెక్కలో ఖాయంగా చెప్పగలిగిన అంకె అదొక్కటే. పెట్టెలు తీసిచ్చేటప్పుడు, ‘ఇది నీ లిస్టులో లేదు, కానీ నీకు నచ్చుతుంది, రెండు పేజీలు చూడు’ అనగలిగితే ఆ కొట్టు పదేళ్లు నిలబడుతుంది.

ఇందులో కొనేవాళ్ల బాధ్యత కూడా ఉంది. పేరు రాయించుకుని నాలుగు నెలలు మొహం చూపించనివాళ్లు ఎక్కువ. వాళ్ల పెట్టెలో పేరుకున్న 30 సంచికలకు కొట్టువాడు అప్పటికే సుమారు 60 డాలర్లు కట్టేశాడు. వాటిని తిప్పి పంపలేడు, వాళ్లొస్తారేమోనని ఇంకొకరికి అమ్మలేడు. ఇలాంటి పెట్టెలు 20 ఉంటే 1,200 డాలర్లు అక్కడే ఇరుక్కుపోయినట్టు.

ఈ మధ్య కొట్లకు కష్టం ఇంకో దిక్కు నుంచి వచ్చింది. రెండు దశాబ్దాలకు పైగా అమెరికాలో దాదాపు కొత్త కామిక్స్ అన్నిటినీ కొట్లకు చేరవేసింది డైమండ్ అనే ఒకే ఒక్క పంపిణీ సంస్థ. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల అది ఆగితే దేశమంతటా కొత్త సంచికలు ఆగిపోయాయి. ఆ ఏడాదే సూపర్‌మ్యాన్ కథలు వేసే డీసీ దాన్ని వదిలి వెళ్లింది, మరుసటేడు మార్వెల్ వేరే దారి చూసుకుంది. 2025 జనవరిలో డైమండ్ దివాలా తీసింది. ఒకే ఇన్‌వాయిస్ చూసుకునే కొట్టువాడు ఇప్పుడు మూడు నాలుగు చోట్లకు ఆర్డర్లు పెట్టాలి, మూడు నాలుగు రవాణా ఖర్చులు భరించాలి. చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు అడగకపోతే రావు.

అందుకే అక్కడుండే మనవాళ్లకు నాదొక మనవి. బుధవారం రద్దీ వద్దు, గురువారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని కొట్టుకు వెళ్లండి. సూపర్‌హీరోలు లేని మంచి కథ ఏదైనా చెప్పమని అడిగి, కౌంటర్ వెనకున్న మనిషి ఏం చేస్తాడో చూడండి. గోడ వైపు చేయి చూపిస్తే ఇంకో కొట్టు వెతుక్కోండి. కౌంటర్ దాటి ఇవతలికొచ్చి, పిల్లాడి వయసెంతో, ఇంతకుముందు ఏం చదివాడో అడిగితే అక్కడే పుల్ లిస్ట్‌లో పేరు రాయించండి. మూడు పుస్తకాలు చాలు. నెలనెలా వెళ్లి తెచ్చుకోండి, నచ్చని వరస ఉంటే ఆ మాట ముందే చెప్పి ఆపించేయండి.