మీ మీద కేసులేమైనా ఉన్నవా?

ఉద్యోగపు దరఖాస్తు మీరూ ఎప్పుడో ఒకప్పుడు నింపే ఉంటారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన చదువు అన్నీ అయి, ఇక సంతకం పెట్టి లేద్దామనుకునే ముందు ఒక చిన్న గడి తగులుతుంది. మీ మీద క్రిమినల్ కేసులేమైనా ఉన్నవా? ఎన్నడైనా అరెస్టు అయినారా? శిక్ష పడినదా? మనలో చాలామందిమి ఆ ప్రశ్నలు పూర్తిగా చదవనైనా చదవం. వరసగా మూడు "లేదు"లు రాసేసి కలం జేబులో పెట్టుకుంటాం. నేనుండేది సైదాబాదులో. అక్కడినుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న చంచల్‌గూడా, డబీర్‌పురా, యాకుత్‌పురా గల్లీలలో, సరిగ్గా ఆ గడి దగ్గర కలం ఆగిపోయేవాళ్లు నాకు తరచు తారసపడుతుంటారు.

చంచల్‌గూడా అంటే నగరంలో ఎవరికైనా గుర్తొచ్చేది జైలే. 1876 లో కట్టిన జైలు అది. నగరంలోనే ఉన్న మరొక పెద్ద జైలు, ముషీరాబాదుది, నేలమట్టమై ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి లేచింది. చంచల్‌గూడా జైలు మాత్రం, ఊరు తన చుట్టూ పెరుగుతూ ఉంటే నడిమధ్యన అలాగే నిలబడి ఉంది. పాతబస్తీలో ఫలానావాడు చంచల్‌గూడా వెళ్లివచ్చాడంటే, ఏ పనిమీద వెళ్లాడని ఎవరూ అడగరు. ములాఖత్ వేళకు గేటు ముందు బురఖాలూ చీరలూ ఒకే వరుసలో నిలబడతాయి. అందరి చేతుల్లోనూ సంచులు, అందరి కళ్లూ గేటు మీదే. విడుదలై వచ్చినవాడికి ఇంట్లో మూడు రోజులు మర్యాద జరుగుతుంది. నాలుగో రోజున ఎవరో ఒకరు, సాధారణంగా బావమరిది, నెమ్మదిగా అడుగుతాడు: "ఇక ఏం చేద్దామనుకుంటున్నావు?"

లోపల పని నేర్పడం లేదని ఎవరూ అనలేరు. మన జైళ్లలో వడ్రంగం ఉంది, ఇనుప సామాను తయారీ ఉంది, నేత ఉంది, సబ్బులూ ఫినాయిలూ చేయడం ఉంది, రొట్టెల బట్టీలున్నాయి. తెలంగాణ జైళ్ల శాఖ ఈ సరుకులను "మై నేషన్" అనే పేరుతో బయట అమ్మకానికి కూడా పెట్టింది. ఖైదీల చేత ఉత్తగా చాకిరీ చేయించుకోరాదు, న్యాయమైన కూలి ఇవ్వాలి, అందులో కొంత భాగం నేరానికి బలైనవారి కుటుంబాలకు చేరే ఏర్పాటు ఉండాలి అని సుప్రీంకోర్టు 1998 లోనే చెప్పింది. కాబట్టి చేతిలో కాస్తో కూస్తో విద్యతో, కొద్దిపాటి డబ్బుతో బయటికి వచ్చేవాళ్లు లేకపోలేదు.

చిక్కు ఆ తరువాత వస్తుంది. యాకుత్‌పురా దగ్గర ఒక చెక్క దుకాణంలో పనిచేసే వడ్రంగితో నాకు కొంచెం పరిచయం. మా ఇంటి కిటికీ రెక్కలు బాగుచేసింది అతనే. చేయి మంచిది. ఒక సాయంత్రం చాయ్ తాగుతూ తనంతట తానే చెప్పాడు.

"లోపల మస్తు పని నేర్పిండ్రు సార్. కుర్సీ, బల్ల, అల్మారా, ఏదైన చేస్త. కాని ఏడ నేర్సుకున్నవ్ అని అడుగుతరు గద, ఏం జెప్పాలె?"

"ఏం చెప్పావు మరి?"

"బొంబాయిల నేర్సుకున్ననని చెప్పిన. బొంబాయి నేను కండ్లతోటి జూడనే లేదు."

నవ్వాడు గాని, ఆ నవ్వులో హాయి లేదు. బొంబాయిలో ఏ పేటలో ఉండేవాడివని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఇప్పటికీ భయపడతాడట. సర్కారు కచేరీలకు జైలులో చేసిన కుర్చీలూ బల్లలూ వెళ్లడం చాలా కాలంగా ఉన్న ఆచారమే. ఆ కుర్చీ కూర్చోవడానికి పనికివస్తుంది. దాన్ని చేసినవాడు నౌకరీకి పనికిరాడు.

ఈ తమాషాకు విరుగుడు జైలు గోడ పక్కనే ఉంది. చంచల్‌గూడా జైలువారు నడిపే పెట్రోలు బంకు చాలామంది చూసే ఉంటారు. అక్కడ గొట్టం పట్టుకుని నిలబడేవారిలో శిక్ష అనుభవిస్తున్నవాళ్లూ ఉన్నారు, విడుదలైనవాళ్లూ ఉన్నారు. మా వీధిలో స్కూటరున్నవాళ్లలో సగంమంది అక్కడికే వెళతారు. కొలత సరిగ్గా ఉంటుందని వాళ్ల నమ్మకం. నన్ను ఆలోచింపజేసింది కొలత కాదు, డబ్బు. బంకులో పనంటే పొద్దస్తమానం నోట్లు చేతులు మారే పని. ఎవడి గుణం ఏమిటో ఫైళ్లన్నీ దగ్గర పెట్టుకుని, రాత్రింబవళ్లు కనిపెట్టి చూసిన యజమాని ఎవరయ్యా అంటే జైలే. ఆ జైలు వాడి చేతికి డబ్బు సంచి ఇచ్చింది. వాడి పేరైనా తెలియని మనం మాత్రం గుమ్మంలోంచే పంపేస్తాం. అయితే ఎన్ని బంకులు పెట్టినా ఎంతమందికి పని దొరుకుతుంది? విడిచిపెట్టిన ప్రతివాడికీ జైలే మళ్లీ యజమాని కావాలంటే కుదిరే పని కాదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు దొరికే పనులు చాలావరకు ఇళ్లల్లోవే: వంట, పాచిపని, పసిపిల్లల్ని చూడడం. పనిమనిషి వివరాలు పోలీసులకు తెలియజేయమని నగర పోలీసులే మనకు చెబుతున్నారు, "హాక్ ఐ" యాప్‌లో అందుకు వీలు కూడా కల్పించారు. జాగ్రత్త మంచిదే. ఇంట్లో ముసలివాళ్లూ పిల్లలూ ఉన్నవారిని తప్పుపట్టలేం. కాని ఒక మాట అడగాలనిపిస్తుంది. ఆ వివరాలలో "కేసు" అనే మాట కనబడగానే, ఏ కేసు, ఎప్పటిది, ఏమైంది అని రెండో ప్రశ్న వేసే ఇల్లాలు మనలో ఎందరు?

ఆ రెండో ప్రశ్న ఎందుకు కావాలో అంకెలు చెబుతాయి. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5 లక్షల 73 వేల మంది ఉంటే, అందులో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. జామీను కట్టేవాళ్లు లేక లోపల ఉన్నవాళ్లూ వారిలో ఉన్నారు. వాళ్లలో కొందరు రేపు నిర్దోషులుగా బయటికి వస్తారు. కాని దరఖాస్తులోని గడి "శిక్ష పడినదా" అని మాత్రమే అడిగి ఊరుకోదు, "ఎన్నడైనా అరెస్టు అయినారా" అని కూడా అడుగుతుంది. ఇక రౌడీ షీటు సంగతి వేరే. అది కోర్టు వేసిన శిక్షే కాదు, పోలీసు ఠాణాలో తెరిచే దస్తరం. అయినా సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లకూ, కొలువిచ్చేవాళ్లకూ దాని పేరు వింటే చాలు.

మరి, గడిలో "లేదు" అని రాసేస్తే? పాతబస్తీలో చాలామంది కుర్రాళ్లకు పెద్దలు చెప్పే సలహా ఇదే. ప్రమాదమైన సలహా. అవతార్ సింగ్ అనే ఆయన కేసులో 2016 లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విడమరిచి చెప్పింది. కేసు సంగతి దాచితే వచ్చిన ఉద్యోగం పోవచ్చు. అయితే దాచిన ప్రతివాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు; చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్పమైన కేసైతే యజమాని క్షమించి ఊరుకోవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కాని అదే తీర్పులో ఇంకొక మాట ఉంది: నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, పూర్వచరిత్ర చూసి నిర్ణయించే హక్కు యజమానికి ఉన్నది. దాచితే తప్పు, చెబితే పూచీ లేదు. ఆ గడి ముందు కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు ఏం రాస్తాడో మీరే ఊహించండి.

అంతకు ముందు 2011 లో ఢిల్లీ పోలీసు కొలువు కోరిన ఒక యువకుడి విషయంలో అదే కోర్టు మరికొంత మెత్తగా మాట్లాడింది. అతని మీద కొట్లాట కేసు ఉండేది. రాజీ అయి విడుదలయ్యాడు. దరఖాస్తులో ఆ సంగతి రాయలేదు. కుర్రతనంలో జరిగినవాటిని చూసీచూడనట్టు పోవాలంటూ న్యాయమూర్తులు విక్టర్ హ్యూగో నవలలోని జీన్ వాల్జీన్‌ను తలుచుకున్నారు. రొట్టె దొంగిలించి జైలుకు వెళ్లి, బయటపడ్డాక పసుపుపచ్చని కాగితం పట్టుకుని ఊరూరా తిరిగి, ఎక్కడా తలదాచుకునే చోటు దొరకని మనిషి కథ తెలుగు పాఠకులకు కొత్తదేమీ కాదు.

పాతబస్తీకి అటువంటి కాగితం కథ తనదే ఒకటుంది. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులోనూ ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పులలోనూ ప్రాణాలు పోయాయి. ఆపైన పాతబస్తీ యువకులను పలువురిని పట్టుకుపోయారు. కొందరు నెలల తరబడి జైలులో ఉన్నారు, చివరకు కోర్టు వారిని నిర్దోషులని విడిచిపెట్టింది. అసలు పేలుడు కేసు విచారణ తరువాత పూర్తిగా వేరే దారి పట్టి, ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కూడా 2018 ఏప్రిల్‌లో కోర్టు విడుదల చేసింది. మన కథ మాత్రం మొదట పట్టుబడిన కుర్రాళ్లది. నిర్దోషులని తీర్పు వచ్చినా చదువులు ఆగిపోయాయి, పనులు పోయాయి. జాతీయ మైనారిటీల కమిషన్ కల్పించుకున్న మీదట అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011-12 లో పరిహారం ప్రకటించింది: జైలులో ఉండి నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకుపోయి విడిచిన 50 మందికి తలా 20 వేలు. డబ్బుతో పాటు వారికి మంచి నడవడిక కలవారని ధ్రువపత్రాలు కూడా ఇచ్చింది, ఉద్యోగాల దగ్గర అడ్డంకి రాకూడదని. 2013 లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. డబ్బు తగవు అలా ఉంచండి. కోర్టు నిర్దోషి అని చెప్పిన తీర్పు కాగితం చాలక, దాని మీద ఇంకొక కాగితం కావలసివచ్చిందే, నాకు ఆశ్చర్యం కలిగించేది అది.

పాతబస్తీ ఇళ్లకు గల్ఫ్ కొలువే పెద్ద ఆధారం అన్నది తెలిసిందే. అక్కడికి వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం, క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తూ ఉంటే దాన్ని నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇవ్వవచ్చునని 1993 లో ప్రభుత్వం ప్రకటించింది. ఈ సంగతి తెలియక, కేసు ముగిసేదాకా ఏళ్ల తరబడి గల్లీ చివర కూర్చునేవాళ్లున్నారు. ఇటువంటి తెలియని సదుపాయాలు ఇంకా ఉన్నాయి. తొలిసారి చిన్న నేరం చేసినవాణ్ణి 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడిక షరతు మీద విడిచిపెడితే, ఆ శిక్ష వల్ల చట్టరీత్యా కలగవలసిన అనర్హత అతనికి అంటదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు 2015 నాటి చట్టం దాదాపు అటువంటి రక్షణే ఇస్తున్నది. ఇంగ్లండులోనైతే 1974 లోనే ఒక చట్టం చేశారు: శిక్ష తరువాత నిర్ణీతకాలం బుద్ధిగా గడిపితే, చాలా నేరాల విషయంలో ఆ పాత సంగతి మామూలు యజమానికి చెప్పవలసిన పనే లేదు. అటువంటి చట్టం మనకు లేదు. రావాలని నా అభిప్రాయం.

అలాగని పాతబస్తీలో అందరూ పనిలేక కూర్చోలేదు. లాడ్‌బజారు గాజుల కార్ఖానాలలో, జర్దోజీ పనివాళ్ల దగ్గర, మెకానిక్ షెడ్లలో దరఖాస్తులూ లేవు, గడులూ లేవు. ఎవరి అబ్బాయివి, ఎవరు పంపారు అన్నదే అక్కడ పరీక్ష. తెలిసినవాడు ఒకడు పూచీ పడితే పని దొరుకుతుంది. ఆ పూచీ పడే మేనమామ లేనివాడికి మాత్రం ఆ తలుపులూ మూతబడే ఉంటాయి.

చార్‌కమాన్ దగ్గర వెండిసామాను దుకాణం ఉన్న నా మిత్రుడితో ఇదంతా చెప్పాను. మంచివాడే, కాని వ్యాపారి.

"నీకేమోయ్, కాగితం మీద రాసిపడేస్తావు. గల్లాపెట్టె నాది" అన్నాడు.

"నిజమే. గల్లా మీద కూర్చోబెట్టమని నేనన్నానా? పోనీ, నీ గుమాస్తాల మీద ఏ కేసులూ లేవు కదా, ఎవరూ ఎప్పుడూ ఏమీ ఎత్తుకుపోలేదా?"

అతను సమాధానం చెప్పలేదు. రెండేళ్ల కిందట వాళ్ల దూరపు చుట్టం ఒకడు వెండి పట్టాలతో ఉడాయించిన సంగతి మా ఇద్దరికీ తెలుసు. కాసేపు లెక్కల పుస్తకం తిరగేశాడు. తరువాత తలెత్తకుండానే, "అల్మారాలు మార్చాలనుకుంటున్నాను. మీ బొంబాయి వడ్రంగి రోజుకెంత తీసుకుంటాడు?" అన్నాడు.

చెప్పాను. వంద తగ్గించమన్నాడు. అది అతనితోనే మాట్లాడుకోమని యాకుత్‌పురా దుకాణం గుర్తులు చెప్పి వచ్చాను.