గడ్డకట్టడం, వాపు: రెండింటి వెనకా ఒకే గ్రాహకం

షోలాపూర్‌లోని విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒడిలో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. తునికాకు కత్తిరిస్తుంటే మొన వేలికి తగలడం కొత్తేమీ కాదు. గట్టిగా అదిమి పడితే కొన్ని నిమిషాల్లో రక్తం ఆగుతుంది. ఆ తర్వాత ఆ చోటు ఎర్రగా ఉబ్బి సలుపుతుంది. రక్తం ఆగడం వేరు, వాపు వేరు అనుకుంటాం. నిజానికి రెండింటిలోనూ త్రాంబిన్ అనే ఒకే ఎంజైము చెయ్యి ఉంది.

గాయమైన చోట టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ రక్తానికి తగులుతుంది. అక్కణ్ణుంచి ఒక ప్రొటీన్ మరొకదాన్ని మేల్కొలుపుతూ పోతే చివరికి త్రాంబిన్ తయారవుతుంది. అది ఫైబ్రిన్ పోగులు పుట్టించి గడ్డను బిగిస్తుంది. ఇది పాత సంగతే. అది ప్లేట్‌లెట్లను ఎలా ఉసిగొల్పుతుందో మాత్రం చాలాకాలం తేలలేదు. 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షాన్ కాఫ్లిన్ బృందం ప్లేట్‌లెట్ల మీద త్రాంబిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని పట్టుకుంది. దాన్నిప్పుడు పార్-1 అంటున్నారు.

మామూలు గ్రాహకం తాళంలాంటిది. హార్మోనో మందో బయటినుంచి తాళంచెవిలా వచ్చి అందులో అమరాలి. పార్-1 తన తాళంచెవిని తనలోనే దాచుకుంటుంది. కణం బయటికి ఉన్న దాని కొసను త్రాంబిన్ కోస్తుంది. కోయగా బయటపడ్డ కొత్త కొస వంగి అదే గ్రాహకంలో అమరుతుంది, కణంలోకి సంకేతం పోతుంది. తెగిన కొస మళ్లీ అతకదు. అలా ఒకసారి వాడిన గ్రాహకాన్ని కణం లోపలికి లాక్కుంటుంది.

ఈ పార్-1 రక్తనాళాల లోపలి పొర మీద కూడా ఉంది. అక్కడ త్రాంబిన్ దాన్ని కోస్తే కణాలు ముడుచుకుని వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి. నీరు బయటికి ఊరి వాపు వస్తుంది. కణాల్లో దాగి ఉన్న వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్, పి-సెలెక్టిన్ పైకి వస్తాయి. మొదటిది ప్లేట్‌లెట్లను, రెండోది తెల్లకణాలను గోడకు పట్టిస్తుంది. వాపు ముదిరితే టిష్యూ ఫ్యాక్టర్ ఇంకా పెరుగుతుంది, మరింత త్రాంబిన్ పుడుతుంది. కోవిడ్ రోగుల ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టడానికి ఇదీ ఒక కారణం.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే గ్రాహకం చేసే రెండో పని. ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర మీద త్రాంబోమాడ్యులిన్ ఉంటుంది. దానికి చిక్కిన త్రాంబిన్ గడ్డకట్టించడం మాని ప్రొటీన్-సిని మేల్కొలుపుతుంది. ఆ ప్రొటీన్-సి, ఇపిసిఆర్ అనే మరో గ్రాహకం ఆసరాతో పార్-1ను కోస్తుంది. త్రాంబిన్ 41వ అమైనో ఆమ్లం దగ్గర కోస్తే, ఇది 46వదాని దగ్గర. అంత చిన్న తేడాకే ఫలితం తిరగబడుతుంది: సందులు మూసుకుంటాయి, వాపు తగ్గుతుంది. గడ్డకట్టించే ఫ్యాక్టర్-7ఎ కూడా ఇపిసిఆర్‌ను పట్టుకుని ఇలా కాపాడగలదని అమెరికాలోని టైలర్‌లో విజయమోహనరావు, ఉషా పెండుర్తి బృందం 2011లో చూపింది.

అందుకే పార్-1ను ఊరికే మూసేస్తే సరిపోదు. దాన్ని అడ్డుకునే వోరాపాక్సార్‌కు 2014లో అమెరికా అనుమతి దొరికింది. గుండెపోట్లు తగ్గాయి గాని మెదడులో సహా రక్తస్రావం పెరిగింది. పక్షవాతం వచ్చినవారికి అది ఇవ్వకూడదు.

రక్తనాళాల లోపలి పొరను కాపాడుకోవడమే మేలైన దారి. బీడీ పొగ ఆ పొరను దెబ్బతీస్తుంది, నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది, ప్లేట్‌లెట్లను అతుక్కునేలా చేస్తుంది. వాపు పట్టి ఉంటే త్రాంబోమాడ్యులిన్, ఇపిసిఆర్ రెండూ తగ్గిపోతాయి. అంటే వాపు తగ్గించే కోత తగ్గి, వాపు పెంచే కోతే మిగులుతుంది. పొగ తాగనివారికీ పూర్తి రక్ష లేదు. చుట్టేవాళ్ల ఒంట్లోకి చర్మం గుండా, దుమ్ము గుండా నికోటిన్ చేరుతుందని మూత్ర పరీక్షలు తేల్చాయి. మిశ్రీ అనే పొగాకు పొడితో పళ్లు తోముకునే అలవాటుంటే అది అదనం.

గుండెజబ్బుకు ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ పార్-1ను తాకవు, ప్లేట్‌లెట్లలో వేరే దారులను మూస్తాయి. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకండి, చెప్పకుండా మానకండి. ఛాతీ పట్టేసినా, మూతి ఒకవైపు వంకరపోయినా, ఒక్క కాలే ఉన్నట్టుండి వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కార్ఖానాకు లెక్క అప్పజెప్పి వచ్చాక చూద్దామనుకోకండి.