జేబు మీద లెక్కల పెట్టె

'ఊపిరి బిగపట్టండి' అంటూనే టెక్నీషియన్ గబగబా గోడ చాటుకి వెళ్లిపోతాడు. ఎక్స్‌రే తీయించుకున్న ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. మనకైతే ఎప్పుడో ఒకసారి. ఆయనకి అది రోజూ ఉండే పని. మరి ఆయన ఒంటికి తగిలే రేడియేషన్ లెక్క ఎవరు చూస్తారు?

చొక్కాకి తగిలించుకున్న చిన్న ప్లాస్టిక్ పెట్టె చూస్తుంది. పేరు టీఎల్‌డీ బ్యాడ్జి. లోపల మూడు చిన్న బిళ్లలుంటాయి. కాల్షియం సల్ఫేట్‌లో రవ్వంత డిస్ప్రోసియం కలిపి, టెఫ్లాన్‌తో బిళ్ల కట్టినవి. రేడియేషన్ తగిలితే ఆ శక్తి వాటిలో చిక్కుకుపోతుంది. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే అక్కడ వేడి చేస్తారు. చిక్కుకున్న శక్తి వెలుగై బయటికొస్తుంది. ఎంత వెలుగొస్తే అంత డోసు! బిళ్లలు చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. ఆ లెక్క ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం రిజిస్టర్‌లో చేరుతుంది. ఉద్యోగి ఆసుపత్రి మారినా నంబరు మారదు, పాత లెక్కా వెంటే వస్తుంది.

మన దేశంలో హద్దులు పెట్టేది అణుశక్తి నియంత్రణ మండలి. ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. గర్భిణి అని తెలిసిన ఉద్యోగిని విషయంలో, కడుపులో బిడ్డకి మిగిలిన నెలల్లో 1 దాటకూడదు.

ఎందుకింత జాగ్రత్త అంటే... 1895లో ఎక్స్‌రే కనిపెట్టిన కొత్తల్లో ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ, గొట్టం పనిచేస్తోందో లేదో తన చేయి అడ్డం పెట్టే చూసుకునేవాడు. చేతులు పోయాయి, 1904లో ప్రాణమే పోయింది.

అసలు చిక్కు బ్యాడ్జి దగ్గర లేదు, పెట్టుకునేవాళ్ల దగ్గరుంది. డ్యూటీ అయ్యాక ఏప్రాన్‌తో పాటు ఎక్స్‌రే గదిలోనే తగిలించి పోతే, మనిషికి తగలని డోసు లెక్కకెక్కుతుంది. దీనికంటే ప్రమాదం రెండోది. గుండెకి స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్‌లో డాక్టర్లు, నర్సులు గోడ చాటుకి వెళ్లే వీల్లేదు. ఎక్స్‌రే నడుస్తుండగానే రోగి పక్కన నిలబడాలి. రోగి ఒంటికి తగిలి చెదిరిన కిరణాలు వీళ్ల మీద పడతాయి. బ్యాడ్జి గుండె దగ్గర, సీసపు ఏప్రాన్ లోపల ఉండాలి. కానీ అంకె పెరిగితే సంజాయిషీలు, పని ఆపమంటారేమోనన్న భయం. అందుకే కొందరు దాన్ని సొరుగులో పడేస్తారు. రిపోర్టులో సున్నా వస్తుంది. ఒంటికి తగిలింది మాత్రం సున్నా కాదు! (అన్నట్టు, బ్యాడ్జి ఏ కిరణాన్నీ ఆపదు. ఆపేది ఏప్రానూ, దూరమూ, గోడా.)

చంటిపిల్లలకి ఎక్స్‌రే తీసేటప్పుడు 'మీరే పట్టుకోండి' అంటే విసుక్కోకండి. ప్రతి బిడ్డనీ ఆయనే పట్టుకుంటే రోజూ ఆ డోసు ఆయన ఖాతాలోకే పోతుంది. మీకు అది ఒక్కసారే. పట్టుకునే ముందు సీసపు ఏప్రాన్ అడిగి వేసుకోండి. గర్భిణులు మాత్రం బయటే ఉండి, ఇంకొకరిని లోపలికి పంపాలి.