తొట్టిలో తాబేటి పిల్ల

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వీధుల్లో రంగు చేపల దుకాణాల ముందు మీరెప్పుడైనా ఆగారా? గాజు తొట్ల పక్కన ఒక ప్లాస్టిక్ బేసినులో, రూపాయి బిళ్ల కంటె కాస్త పెద్దవైన ఆకుపచ్చ తాబేటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ కనిపిస్తాయి. ఒక్కొక్కదాని కన్ను వెనుక ఎర్రని చార ఉంటుంది. అందుకే దీన్ని ఎర్రచెవి తాబేలు అంటారు. నిజానికి అది చెవి కాదు, ఒట్టి రంగు మాత్రమే. దుకాణందారు దానితోపాటు అరచేతి వెడల్పు ప్లాస్టిక్ డబ్బా, ఎండు రొయ్యల సీసా ఇచ్చి, ఇంకేమీ అక్కరలేదంటాడు. ఇది ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

కొనేముందు లెక్క వేయండి

శాస్త్రజ్ఞులు ఈ తాబేలును ట్రాకెమిస్ స్క్రిప్టా ఎలిగాన్స్ అంటారు. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. 3 సెంటీమీటర్ల పిల్ల, సరిగా పెంచితే, ఆడదైతే 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మగది కాస్త చిన్నది. 30 ఏళ్లయినా బతకగలదు. మీకిప్పుడు 13 ఏళ్లనుకోండి. ఈ తాబేలు ముసలిదయ్యేనాటికి మీకు 43 ఏళ్లు నిండుతాయి!

"అయితే మన చెరువులో దొరికే తాబేలునే పెంచుకుంటే?" అని మీరడగవచ్చు. అది కూడదు. మన చెరువుల్లో ఉండే మెత్తని డిప్ప తాబేలును గాని, మెట్ట నేలల్లో తిరిగే నక్షత్ర తాబేలును గాని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

తొట్టి ఎంత ఉండాలి?

డిప్ప పొడవులో ప్రతి 2.5 సెంటీమీటర్లకు సుమారు 40 లీటర్ల నీరు ఉండాలన్నది తాబేళ్లను పెంచేవారి లెక్క. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల గాజు తొట్టిలో నిండా పోస్తే 54 లీటర్లు పడతాయి. ఇది పిల్లకు మొదటి కొన్ని నెలలకు సరిపోతుంది. మరి 25 సెంటీమీటర్లకు పెరిగాక? 400 లీటర్లు కావాలి. లీటరు నీరు కిలో బరువు కదా! గాజు, రాళ్లు కాక నీరే 400 కిలోలు. మీ అపార్టుమెంటులో అంత బరువు ఎక్కడ పెట్టగలరో పెద్దలతో ముందే ఆలోచించండి.

పిల్ల చిన్నదని నీళ్లు మరీ తక్కువ పోయకండి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. వెల్లకిలా పడినప్పుడు మళ్లీ తిరగడానికి తగినంత లోతు లేకపోతే, తల పైకెత్తలేక మునిగిపోతుంది. డిప్ప పొడవుకు రెండింతల లోతైనా ఉండాలి. నీటి నుంచి సులువుగా ఎక్కి ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకోవడానికి ఒక రాయో, చెక్కో ఏటవాలుగా అమర్చండి. అడుగున గులకరాళ్లు వేస్తే అవి తాబేలు తలకంటె పెద్దవిగా ఉండాలి. చిన్నవైతే మింగేస్తుంది.

వేడి, వెలుగు

తాబేలు సరీసృపం. మనలా దాని శరీరం తన వేడిని తానే నిలుపుకోలేదు. పరిసరాల నుంచే వేడిని తెచ్చుకోవాలి. చల్లబడితే పేగుల్లోని ఆహారం జీర్ణం కాదు, ఆకలి చచ్చిపోతుంది. పిల్లలకు నీరు 26 నుంచి 28 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. ఎక్కి కూర్చునే రాయి మీద 32 డిగ్రీలకు తగ్గకూడదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన నగరంలో చలి 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. ఏ.సి. గదుల్లో ఏడాది పొడుగునా చల్లదనమే. కాబట్టి అక్వేరియం హీటరు, ఒక థర్మామీటరు తప్పవు.

వేడి ఒక్కటే చాలదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం చర్మంపై పడినప్పుడే విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకు పట్టదు. డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో వెలుగుకు కొదువ లేదు కదా అంటారేమో! గాజు మామూలు వెలుగును రానిస్తుంది గాని, ఈ కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. ఎల్.ఇ.డి. బల్బు వీటిని ఇవ్వదు. కాబట్టి 'యు.వి.బి.' దీపం కొనాలి. లేదా రోజూ ఉదయపుటెండలో అరగంటసేపు బాల్కనీలో వెడల్పాటి టబ్బులో ఉంచాలి. సగం నీడ ఉండాలి, కాకులు ఎత్తుకుపోకుండా పైన జాలీ ఉండాలి. గాజు తొట్టిని మాత్రం ఎండలో పెట్టకండి. మే నెలలో నీరు కాగి తాబేలు ఉడికిపోతుంది.

నీరు ఎందుకు కంపు కొడుతుంది?

తాబేలు తినేదీ, విసర్జించేదీ నీటిలోనే. ఆ మలినాల నుంచి అమోనియా పుడుతుంది. అది కళ్లనూ, చర్మాన్నీ మండిస్తుంది. మీరు పాఠంలో చదివిన నత్రజని వలయం ఇక్కడ కళ్లముందే జరుగుతుంది. ఫిల్టరు స్పాంజిలో చేరిన నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమోనియాను నైట్రైటుగా, వేరొక రకం బాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఇవి తగినంతగా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల చచ్చిపోతాయి. తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండి కడగండి. వారానికొకసారి మూడోవంతు నీరు మార్చండి. కొత్త నీటిని ఒకరోజు బకెట్టులో తెరిచి ఉంచి పోయండి.

ఏమి పెట్టాలి?

తాబేలుకు ఆహారాన్ని తడిపే లాలాజలం ఉండదు. అందుకే నీటిలోనే మింగుతుంది. గట్టు మీద పెట్టి తినలేదని బెంగపడకండి.

పిల్లలు ఎక్కువగా మాంసాహారులు. పెద్దయ్యేకొద్దీ ఆకులపై ఆధారపడతాయి. పిల్లకు రోజుకొకసారి, దాని తల పరిమాణమంత పెట్టండి. నీటి తాబేళ్ల కోసం చేసిన గుళికలు ప్రధానాహారం. మధ్య మధ్య వానపాములు, ముళ్లతో సహా చిన్న చేపలు, దోమ పిల్లలు ఇవ్వవచ్చు. ముల్లంగి ఆకు, ఆవ ఆకు, క్యారెట్ తురుము అలవాటు చేయండి. పాలకూర, గోంగూర వద్దు. వాటిలోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియంను బంధించి ఒంటికి అందనివ్వదు. అన్నం, బిస్కట్లు, మరమరాలు, పాలు అసలే వద్దు.

దుకాణందారు ఇచ్చిన ఎండు రొయ్యల మాటేమిటి? అవి చిరుతిండి మాత్రమే. వాటినే పెడుతూ పోతే విటమిన్ ఏ లోపించి కనురెప్పలు ఉబ్బుతాయి. కన్ను తెరవలేని తాబేలు ఆహారాన్ని చూడలేదు, చూడలేనిది తినదు. కళ్లు ఉబ్బినా, డిప్ప మెత్తబడుతున్నా, ఒక పక్కకు ఒరిగి తేలుతున్నా ఆలస్యం చేయకుండా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.

మీ ఆరోగ్యం మాటేమిటి?

ఆరోగ్యంగా ఉన్న తాబేలు ఒంటిమీద కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. అది మనుషులకు విరేచనాలు, జ్వరం తెస్తుంది. ఈ కారణంగానే అమెరికాలో 1975లో 10 సెంటీమీటర్లలోపు డిప్ప గల తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. తొట్టి సామాను వంటింటి సింకులో కడగకండి. చిన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను ముట్టుకోనివ్వకండి.

చెరువులో వదలకండి

తాబేలు పెద్దదై తొట్టి చాలకపోతే చాలామంది ఏం చేస్తారో తెలుసా? దగ్గరి చెరువులో వదిలి, దానికి స్వేచ్ఛనిచ్చామనుకుంటారు. మాదాపూరు పక్కనే ఉన్న దుర్గం చెరువును తీసుకోండి. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీరిచ్చిన చెరువు అది. అటువంటి చోట ఈ పరదేశి తాబేలు చేరితే, మన తాబేళ్లు ఎండ కాచుకునే రాళ్లను ఆక్రమిస్తుంది, వాటి ఆహారాన్ని తింటుంది, కొత్త రోగాలను అంటిస్తుంది. ప్రపంచంలో అతి హానికరమైన 100 ఆక్రమణ జీవుల జాబితాలో దీని పేరుంది. ఐరోపా సమాజం 1997లోనే దీని దిగుమతిని ఆపింది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, ఇటువంటి పరదేశి జీవుల దిగుమతిని, వ్యాపారాన్ని నియంత్రించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పెంచలేని పరిస్థితి వస్తే, శ్రద్ధగా చూసుకోగల వేరొకరికి అప్పగించండి. వదలడం మాత్రం కూడదు.

ఇంట్లో ఇప్పటికే తాబేటి పిల్ల ఉంటే ఒక నోటుపుస్తకం తెరవండి. రోజూ నీటి ఉష్ణోగ్రత, పెట్టిన ఆహారం రాయండి. ప్రతి ఆదివారం స్కేలుతో డిప్ప పొడవు కొలిచి, ఆరు నెలల తరువాత గ్రాఫు గీయండి. తాబేలు ఇంకా కొనకపోతే, పైన వేసిన 400 లీటర్ల లెక్క, 30 ఏళ్ల లెక్క ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి. అందరూ సరేనంటేనే దుకాణానికి వెళ్లండి.