పక్షివీక్షణమునకు తొలి పాఠము

పక్షులను చూడవలెనన్న అడవులకే పోవలెనను అభిప్రాయము చాలమందికి కలదు. హైదరాబాదులోని జూబిలీ హిల్సునందున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమున ఒక్క శీతకాలపు ఉదయము నడచివచ్చినవారు ఆ మాట మరల అనరు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఈ వనము సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు. గండశిలలు, ముండ్లపొదలు, ఆకురాల్చు చెట్లు దీని సొత్తు. వెలుపల మోటారుల రొద, లోపల నెమలికేక.

కొత్తవారి జట్టును తీసికొనిపోవుటకు డిసెంబరు, జనవరి మాసములు మేలు. ఆకు పలుచబడి పిట్ట కంటబడుట ఒక కారణము. అంతకంటె ముఖ్యమైనది వలసపక్షుల రాక. చలికి ఓర్వలేక అవి వచ్చునని మనమందుము గాని, ఈకలు కప్పుకొన్న ప్రాణికి చలి అంత లెక్క కాదు; చలికి పురుగులు కరవగుటయే అసలు చిక్కు.

ఈ అతిథులలో ఒకదానిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. పిచ్చుకకంటె చిన్నది, వీపు పసరువన్నె, కంటిపై తెల్లని గీర. ఇంగ్లీషున గ్రీనిష్ వార్బ్లరు అందురు. బరువు పది గ్రాములును ఉండదు. హిమాలయ ప్రాంతములలో వేసవి గడపి, చలికాలమున దక్షిణదేశమునకు దిగివచ్చి, కొన్ని చెట్లను తన మేతపొలముగా ఏర్పఱచుకొని కావలి కాయును. మరుసటి యేడు ఆ చోటికే తిరిగివచ్చునవియు కలవు. 'చిస్‌విట్, చిస్‌విట్' అని ఆకుల నడుమనుండి వినవచ్చు కూత ఆ పొలపు గట్టుమీది కేకయే. కొత్తవారు దానిని పిచ్చుక సద్దని త్రోసివేయుదురు. కావున మా మొదటి సలహా ఇది: దుర్భిణి తీయుటకు ముందు అయిదు నిమిషములు కదలక నిలిచి వినుడు.

చేతిఫోనులో కూతను మ్రోయించి పక్షిని రప్పించువారు కలరు. రేడియోవారమైనను ఈ ప్రసారమును మాత్రము మేము మెచ్చము. లేని శత్రువుతో పోరుటకై ఆ చిన్నప్రాణి మేత మానుకొని వచ్చుచున్నది.

తక్కినది అభ్యాసము. పిచ్చుక, పిగిలిపిట్ట, గోరువంక, కాకి, ఈ నాలుగింటి పరిమాణము మనసున నిలుపుకొన్నచో కొత్త పిట్టను వీనితో పోల్చవచ్చును. తోకయు చాల చెప్పును: చీలిన తోక పసులపోలిగానిది, నేలపై తిరుగుచు ఎడతెగక ఆడించు తోక కాటుకపిట్టది. పిట్ట కనబడినంతనే చేయి చాపక, చెట్టును గడియారపు ముఖముగా భావించి 'రెండు గంటలయొద్ద కొమ్మ' అని మెల్లగా చెప్పినచో జట్టంతయు చూడగలదు. చూపును పిట్టమీదనుండి మరల్పకయే దుర్భిణిని కంటికి ఎత్తవలెను.

ఇక లెక్క. 1931-32లో సాలీం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరిపెను. నేడు ఆ పనిలో సామాన్యులకును భాగము కలదు. మన దేశపు పక్షుల స్థితిని గూర్చి 2023లో వెలువడిన నివేదిక, సుమారు 30,000 మంది వీక్షకులు వ్రాసియుంచిన మూడు కోట్ల పరిశీలనలపై ఆధారపడినది. తెలంగాణకు రాష్ట్రపక్షియు, దసరానాడు మనము వెదకి చూచునదియు అయిన పాలపిట్ట దేశమున తగ్గుచున్నదని ఆ లెక్కలవలననే తేలినది. నిత్యము కనబడు పక్షియే కదా యని వ్రాయక విడిచినచో ఇట్టి తఱుగుదల ఎవరికిని తెలియదు. కాకులను కూడ లెక్కింపుడు. పోల్చలేని పిట్టకు ఊహించి పేరు పెట్టుటకంటె 'తెలియలేదు' అని వ్రాయుట మేలు. తప్పుపేరు లెక్కను చెఱచును.

ప్రొద్దెక్కిన పిదప కూతలు సన్నగిల్లును. అంతమాత్రమున జట్టును ఇండ్లకు పంపరాదు. తెఱపిగానున్న ఒక బండయొద్ద నిలిపి తల యెత్తి చూడుమనవలెను. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచు వేళ అది. గద్దలు రెక్క ఆడింపకయే చుట్లు తిరుగుచు మీదికి పోవుచుండును.